పక్కగదిలో థెక్లా

1944 ఫిబ్రవరి 14, సోమవారం

ఇది రాయకూడదు. రాస్తున్నాను. రాయకపోతే ఎవరి దగ్గరో వాగేస్తాను, అది ఇంతకన్నా ప్రమాదం.

పక్కగదిలోకి ఒక మనిషి దిగింది. పేరు థెక్లా అట. మితిలీని దీవి నుంచి వచ్చిందట. మొగుడు పోయాడట. కుట్టుపని చేసుకుంటుందట. అన్నీ అటలే. పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఒక చిన్న పెట్టె, ఒక పెద్ద మేరీమాత పటం పట్టుకుని గేటు తోసుకుని వచ్చేసింది. ఇంటావిడ ఎవంథియా నాకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి నిలదీశాను.

"ఎవరు అమ్మగారూ ఆవిడ?"

"అద్దెకొచ్చింది."

"ఎవరు పంపారు?"

"నిన్నెవరు పంపారో నేను ఊళ్ళో ఎవరికైనా చెప్పానా? నీకెందుకమ్మాయ్! వెళ్ళు, నీ పప్పు మాడుతోంది."

నా పప్పు మాడటం లేదు. మాట తప్పించింది.

నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఒక పద్ధతిలో బతుకుతున్నాం. సలోనికాలో యూదులున్న మా వీధి వీధంతా జర్మన్లు రైలెక్కించి తీసుకుపోయారు. ఎలాగో తప్పించుకుని మేం ఏథెన్సు చేరాం. జర్మన్లు ఇక్కడికీ వచ్చాక మా ఆయన వాళ్ళతో పోరాడేవాళ్ళలో కలిసి కొండల్లోకి వెళ్ళిపోయాడు. ఇక ఊరి శివారు కల్లిథియాలో ఈ ఇంట్లో నేను, అత్తయ్య, ఐదేళ్ళ పిల్ల. నా కాగితాల్లో నేను స్టావ్రూలాని, స్మిర్నా నుంచి వచ్చిన క్రైస్తవురాలిని. పిల్ల ఎలెనీ. అత్తయ్య పుట్టుమూగ, చెవిటి కూడా. ఎందుకంటే ఆవిడకు మన యూదుల ఇంటి భాష తప్ప గ్రీకు ముక్క రాదు. సలోనికా మొత్తంలో ఆవిడంత వాగుడుకాయ లేదు. దేవుడు వెతికి వెతికి ఆవిడకే ఈ వేషం ఇచ్చాడు.

మేం యూదులమని తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎవంథియా, మాకు కాగితాలు పుట్టించిన చెప్పులు కుట్టే లాంబ్రోసు. మూడో మనిషికి తెలిస్తే పిల్ల నాకు దక్కదు.

ఫిబ్రవరి 16

ఈవిడ శిలువ గీసుకోవడం చూశాను. భోజనానికి ముందు, తర్వాత, గుమ్మం దాటేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు. గుళ్ళో పుట్టి పెరిగిన ఎవంథియాయే అన్నిసార్లు గీసుకోదు. అతివినయం ధూర్తలక్షణం అని ఊరికే అనలేదు.

ఇంకోటి. మధ్యాహ్నం ఒకసారి ఎడమ భుజం మీదికి ముందు పోబోయి, చెయ్యి ఆపి, కుడి వైపుకి మార్చుకుంది. ఇక్కడివాళ్ళు ముందు ముట్టుకునేది కుడి భుజమే. నేను అది నేర్చుకోవడానికి లాంబ్రోసు దుకాణంలో వారం రోజులు పట్టింది కాబట్టి కనిపెట్టాను. అంటే ఈవిడ ఇక్కడి క్రైస్తవురాలు కాదు. కాకపోతే ఎవరు? ఎవరో తర్ఫీదు ఇచ్చి పంపారు. ఇంకేముంటుంది?

ఫిబ్రవరి 20, ఆదివారం

కొంప మునిగింది.

పెరట్లో ఎండలో కూర్చున్నాం. థెక్లా తన గుమ్మంలో చొక్కాకి గుండీలు కుడుతోంది. పిల్ల తుమ్మింది. అత్తయ్య నోట్లోంచి "బీవాస్!" అని వచ్చేసింది. బతుకు తల్లీ అని. మనింట్లో పిల్ల తుమ్మితే ఆ మాట అనని ముసలమ్మ ఉంటుందా? పిల్ల రెండోసారి తుమ్మింది. ఆవిడ ఆగొద్దూ? "క్రేస్కాస్!" అంది. పెరుగు అని. నేను కాలు తొక్కితే అప్పుడు నోరు మూసుకుంది.

థెక్లా సూది ఆగిపోయింది.

"ఏదో శబ్దం చేస్తుంది పాపం, మాట కాదు" అన్నాను నవ్వుతూ. నా నవ్వు నాకే అసహ్యంగా వినిపించింది.

"పర్లేదు చెల్లీ," అంది థెక్లా. "మూగవాళ్ళు మాత్రం దీవించరా ఏంటి?"

దీవెన అని ఆవిడకెలా తెలుసు? 

మధ్యాహ్నం తలుపేసి దుప్పటి కింద అత్తయ్యను తిట్టాను. ఆవిడ నన్నే తిట్టింది, గుసగుసగా. "పిల్ల తుమ్మితే ఊరుకోమంటావా? నా మనవరాలికి ఆయుష్షు వద్దంటావా? పచ్చకామెర్లదానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. ఆ పక్కగది పిల్ల మొహం చూడు, ఎంత దిగులుగా ఉందో!" అత్తయ్యకు దిగులు మొహాలంటే లోకువ. దిగులు మొహం పెట్టడం కూడా ఒక విద్యే.

ఫిబ్రవరి 21

ఇవాళ నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్వాలి?

ఫిబ్రవరి 26

రెండుసార్లు మా గుమ్మం దగ్గర ఆగింది. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మూసి, వెళ్ళిపోయింది. వింటోంది. గోడకు చెవి పెట్టి వింటోంది కూడా కావచ్చు. అత్తయ్య మంచం గోడ దగ్గర్నుంచి ఇటు లాగేశాను.

మార్చి 9, గురువారం

ఈస్టరుకి ముందు వీళ్ళకు నలభై రోజుల పెద్ద ఉపవాసాలు. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. దొరికితేగా ముట్టడానికి, అది వేరే సంగతి. ఈ నియమాలన్నీ నేను బట్టీపట్టాను.

పొద్దున్న థెక్లా వచ్చి శాలువా చాటు నుంచి ఒక గుడ్డు తీసింది. నిజం గుడ్డు. చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

"చొక్కా కుట్టినందుకు ఒకావిడ ఇచ్చింది. పిల్లకి పెట్టు చెల్లీ. బుగ్గలు చూడు, ఎలా పీక్కుపోయాయో."

పిల్ల గుడ్డు వంకే చూస్తోంది. రెండు నెలలైంది గుడ్డు మొహం చూసి. పరీక్ష ఇది. ఉపవాసాల్లో గుడ్డు తీసుకునేది ఎవరు? మనవాళ్ళే.

"అయ్యో, పెద్ద ఉపవాసాల్లో గుడ్డా! పాపం తగలదూ?" అన్నాను గట్టిగా, ఎవంథియాకి కూడా వినబడేలా. శిలువ గీసుకున్నాను.

థెక్లా మొహం పాలిపోయింది. తనూ గబగబా శిలువ గీసుకుంది. "నిజమే, నిజమే, మర్చేపోయాను" అని గుడ్డు తీసుకుని వెళ్ళిపోయింది. ఎవంథియా మా ఇద్దరి వంకా చూసి, "పసిపిల్లలకి ఉపవాసాలేంటే, తిక్క మొహాల్లారా" అంది.

పిల్ల సాయంత్రం దాకా ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది. బతికి ఉంది.

మార్చి 25, శనివారం

లాంబ్రోసు చెప్పాడు. మన పస్కా పండగ రొట్టెలకు పిండి ఇస్తామని జర్మన్లు మనవాళ్ళను సినగాగుకి, మన గుడికే, పిలిచారట. నిన్న. వెళ్ళినవాళ్ళను లోపల పెట్టి తలుపులేశారు. తర్వాత ఇళ్ళకు వెళ్ళి మిగిలినవాళ్ళనూ పట్టుకొచ్చారట, తిన్నగా గుమ్మాల దగ్గరికే వెళ్ళారట. చూపించినవాళ్ళు ఉన్నారు మరి.

పిండి కోసం. పిండి కోసం వెళ్ళారు.

ఇవాళ ఇక్కడ మేరీమాత పండగ. ఎవంథియా ఎక్కడినుంచో ఎండుచేప ముక్క తెచ్చి వండింది. మింగాను. నవ్వాను. థెక్లా మాత్రం గదిలోంచి రాలేదు. సాయంత్రం వస్తే కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఉల్లిపాయలు కోశాను" అంది.

ఇంట్లో ఉల్లిపాయ లేక పది రోజులైంది. అబద్ధమాడటానికైనా కాస్త తెలివి ఉండాలి. ఎందుకేడ్చినట్టు? ఎవంథియా లేచి ఆవిడ భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళింది. ఇద్దరూ తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వెళ్ళగానే ఆపేశారు.

ఎవంథియాని కూడా బుట్టలో వేసుకుంది.

ఏప్రిల్ 1

నిద్ర లేదు. ఆవిడ అడిగిన మాట యథాతథంగా రాస్తున్నాను.

బట్టలుతుకుతుంటే పక్కన కూర్చుంది. అటూ ఇటూ చూసింది. "స్టావ్రూలా, మీ ఇళ్ళల్లో గుడ్లు ఉల్లితొక్కలేసి ఉడకబెట్టేవాళ్ళా? రోజంతా సన్నని సెగ మీద, గోధుమరంగు వచ్చేదాకా?"

మన శనివారపు గుడ్లు! శనివారం పొయ్యి వెలిగించకూడదని మా అమ్మ శుక్రవారం సాయంత్రమే పొయ్యి మీద పెట్టి వదిలేసే గుడ్లు. తడిచొక్కా ఇంకోసారి గట్టిగా పిండాను.

"అలాంటి వంట నేనెప్పుడూ వినలేదు" అన్నాను.

"విన్లేదా?" అంది. నా కళ్ళలోకి చూస్తూ ఇంకోసారి, మెల్లగా, "నిజంగా విన్లేదా?"

"లేదన్నానుగా. మీ దీవిలో తింటారేమో."

లేచి వెళ్ళిపోయింది. నా నోటితో నాచేత చెప్పించాలని చూస్తోంది. మన వంటలు కూడా నేర్పి పంపారు. ఎంత పకడ్బందీగా చేస్తున్నారు!

ఏప్రిల్ 9, ఆదివారం

మొన్న శుక్రవారం సాయంత్రంతో పస్కా వచ్చింది. ఎనిమిది రోజులు పులిసిన రొట్టె ముట్టకూడదు. ఈ ఏడు అది పాటించాలని ఎవరూ అనుకోలేదు, అంటే నేను అనుకోలేదు. అత్తయ్య మాత్రం తన ముక్క తలగడ కింద దాచేస్తోంది. రోజుకి దొరికేది ఆ ముక్కే. "చావనైనా చస్తాను గానీ తినను" అని సైగ చేసి చూపించింది. మాట రాకపోయినా మొండితనానికి లోటు లేదు. ఆ ముక్క నేను పిల్లకి పెడుతున్నాను. దేవుడు నన్నేం చేసుకుంటాడో చేసుకోనీ.

థెక్లా కూడా మూడు రోజులుగా రొట్టె తినడం లేదు. తన ముక్క పిల్ల ముందుకి తోసేస్తోంది, ఆకలి లేదంటుంది. మమ్మల్ని కనిపెట్టుకుని కూర్చోవడంలో తిండి కూడా మర్చిపోయింది. అత్తయ్య రొట్టె దాచడం చూసే ఉంటుంది.

ఏప్రిల్ 10, సోమవారం

చెప్పేశాను.

వరసగా రాస్తాను. పొద్దున్న పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, థెక్లా అత్త నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాన్న నిన్ను ఏమని పిలిచేవాడు అని అడిగింది" అంది.

"నువ్వేమన్నావు?"

"ఎలెనీ అన్నా. నేను తప్పు చెప్పలేదమ్మా, కొట్టకు."

కొట్టలేదు. గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఐదేళ్ళ పిల్లను అడుగుతుందా? నన్ను అడిగితే నేను తట్టుకుంటాను. పిల్లను అడుగుతుందా?

తర్వాత ఉచితంగా సూప్ పోసే క్యూ నుంచి వస్తుంటే ట్రాము ఆగే చోట థెక్లా కనిపించింది. మంచి ఓవర్‌కోటు వేసుకున్న మగమనిషితో మాట్లాడుతోంది. ఈ ఊళ్ళో ఇప్పుడు అలాంటి కోటు ఎవరికుంది? అతను ఒక కవరు ఇచ్చాడు. ఆవిడ జాకెట్లో దోపుకుంది. నేను గోడ పక్కకు తప్పుకున్నాను.

తిన్నగా లాంబ్రోసు దుకాణానికి వెళ్ళాను. అతను కొండల్లోవాళ్ళ మనిషి. పట్టించేవాళ్ళ సంగతి వాళ్ళు చూస్తారు. ఎలా చూస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే వెళ్ళాను.

అంతా విని, నోట్లోని మేకులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఖాయమేనా?"

"కళ్ళారా చూశాను."

"గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఇది ఒకసారి నా నోరు దాటితే మళ్ళీ నా చేతిలో ఉండదు. తర్వాత వచ్చి నేనలా అనలేదంటే కుదరదు."

"ఖాయం" అన్నాను.

"సరే. పండగలోపల అయిపోతుంది. నువ్వు మాత్రం మళ్ళీ ఇటువైపు రాకు."

ఏప్రిల్ 11

సరైన పనే చేశాను.

ఏప్రిల్ 12

సరైన పనే చేశాను. ఎవరినడిగినా అదే అంటారు. పిల్ల ఉన్న ఏ తల్లయినా అదే చేస్తుంది. థెక్లా ఇవాళ పిల్ల గౌను చిరుగు కుట్టి ఇచ్చింది. తీసుకున్నాను. తీసుకోకపోతే అనుమానం వస్తుంది కదా.

ఏప్రిల్ 13, గురువారం

గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

ఇవాళ వీళ్ళు ఈస్టరు గుడ్లకు ఎర్రరంగు వేసే రోజు. ఎవంథియాకి పల్లెనుంచి చుట్టాలు ఎనిమిది గుడ్లు పంపారు. ఐదు రంగుకి, మూడు పండగ రొట్టెకి. నన్ను పొయ్యి రాజెయ్యమంది, థెక్లాని పిండిలో గుడ్లు కొట్టమంది, తను రంగు కోసం లోపలికి వెళ్ళింది. నేను కట్టెలకని పెరట్లోకి వెళ్ళాను. తిరిగొస్తూ కిటికీలోంచి చూశాను. చూడటం అలవాటైపోయింది కదా, ఈ రెండు నెలలుగా నాకు వేరే పనేముంది!

ఆవిడ గుడ్డుని పిండిలో కొట్టలేదు. కాఫీ కప్పు తీసుకుంది. గుడ్డు అందులో కొట్టింది. కప్పు ఎత్తి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూసింది. అప్పుడు పిండిలో ఒంపింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

నెత్తురుచుక్క కోసం. గుడ్డులో నెత్తురుచుక్క ఉంటే మనం తినం, పారేస్తాం. మా అమ్మ అలాగే కొట్టేది. అమ్మమ్మ అలాగే కొట్టేది. ఏడేళ్ళప్పుడు నా చేత అలాగే కొట్టించారు. ఈ కరువులో, గుడ్డు బంగారమైన రోజుల్లో, నెత్తురుచుక్క ఉందా లేదా అని కప్పు వంచి చూసే ఆడది ఈ లోకంలో మనింటి ఆడది తప్ప ఇంకొకతె ఉండదు. ఎవరూ చూడటం లేదనుకుని చేసింది. చెయ్యి దానంతటది చేసింది.

కట్టెలు కింద పడ్డాయి.

బీవాస్ దీవెన అని ఆవిడకు తెలుసు. ఎందుకు తెలియదు? ఉపవాసాల్లో గుడ్డు తేకూడదని తెలియదు. ఎలా తెలుస్తుంది? ఉల్లితొక్కల గుడ్లు. ఆ ఇరవై ఐదో తారీకు వాచిపోయిన కళ్ళు. ఆరు రోజులుగా ముట్టని రొట్టె. ఓరి దేవుడా. నేను చదవడం రానిదాన్నా? గుడ్డిదాన్నా?

నేను లోపలికి వెళ్ళేసరికి ఆవిడ లేదు. "సూప్ క్యూకి వెళ్ళింది, డబ్బా పట్టుకుని" అంది ఎవంథియా. నేను లాంబ్రోసు దుకాణానికి పరిగెత్తాను. రావద్దన్నాడు. వెళ్ళాను.

"అది మా మనిషి" అన్నాను. ఊపిరి ఆడటం లేదు. "యూదురాలు. గుడ్డు కప్పులో కొట్టి చూసింది."

"ఏం చూసింది?"

చెప్పాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గుడ్డు! సోమవారం నాడు ఖాయం అన్నావు. ఇవాళ గుడ్డు అంటున్నావు. యూదురాలే అనుకో. అయితే ఏంటి? అమ్ముడుపోయినవాళ్ళు మావాళ్ళలో ఉన్నారు, మీవాళ్ళలోనూ ఉన్నారు. మీ భాష తెలిసినవాళ్ళయితే ఇంకా బాగా పనికొస్తారు."

"ఆరు రోజులుగా రొట్టె ముట్టలేదు లాంబ్రోస్! పండగని. అడక్కుండా, చెప్పకుండా, తన ముక్క నా పిల్లకి పెట్టి తను పస్తుంటోంది. పట్టించేది ఎవరికోసం పస్తుంటుంది?"

సుత్తి పక్కన పెట్టాడు. తలుపులోంచి వీధిలోకి చూశాడు.

"నీ పిల్లను ఆవిడ చేతిలో పెడతావా?"

"పెడతాను."

"అయితే ఇప్పుడే పోయి పెట్టు. మావాళ్ళు ఇద్దరు క్యూ దగ్గర ఉంటారు, ఆవిడ డబ్బాతో వెనక్కి తిరగగానే పని కానిస్తారు. చంకలో పిల్ల ఉంటే ముట్టుకోరు. నేను వెనక వస్తాను. ఈ కుంటికాలుతో ఎంత తొందరగా వస్తానో చెప్పలేను. పరిగెత్తు!"

ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకుని పరిగెత్తాను. "ఎక్కడికమ్మా?" అంటుంది. ఏం చెప్పను? రెండు నెలలుగా ఏ చేతులు తగులుతాయేమోనని దాన్ని దాచానో, ఆ చేతుల్లో పెట్టడానికే తీసుకెళ్తున్నాను. అడ్డుగా పెట్టడానికి. నేనే తవ్విన గోతికి నా పిల్లను మూత వేస్తున్నాను.

థెక్లా అప్పుడే డబ్బా నింపించుకుని ఇటు తిరిగింది. అవతల గోడ దగ్గర ఇద్దరున్నారు. ఒకడి నోట్లో సిగరెట్టు, వెలిగించలేదు. నడవడం మొదలుపెట్టారు.

పిల్లను ఆవిడ చేతుల్లో పడేశాను. "కాస్త ఎత్తుకో, చేతులు పడిపోతున్నాయి." డబ్బా నేను లాక్కున్నాను, సగం సూపు నా కాళ్ళ మీద ఒలికింది. ఆవిడ బిత్తరపోయింది. ఇన్నాళ్ళూ పిల్లను దగ్గరికి రానివ్వని మనిషిని కదా. ఆవిడ చెవి దగ్గర, మన భాషలో, నడివీధిలో, "వెనక్కి చూడకు. దాన్ని గట్టిగా పట్టుకుని నాతో నడువు" అన్నాను.

ఆవిడ పిల్ల తలను తన మెడలో దాచుకుని నడిచింది. నేను మాత్రం వెనక్కి చూశాను. ఇద్దరూ పది అడుగుల్లో ఉన్నారు. తర్వాత ఎనిమిది. మూల మలుపులో లాంబ్రోసు కుంటుకుంటూ వచ్చి, సిగరెట్టు వాడికి అగ్గిపుల్ల అందించి ఏదో అన్నాడు. వాళ్ళు ఆగారు. వాడు సిగరెట్టు వెలిగించుకుని రెండోవాడితో అటు తిరిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాను.

ఏప్రిల్ 14, శుక్రవారం

ఆవిడ పేరు రికూలా. సలోనికాయే. మాకు నాలుగు వీధుల అవతల. మొగుడినీ, నాలుగేళ్ళ కూతుర్నీ రైలెక్కించినప్పుడు తను ఆస్పత్రిలో ఉందట. ఒక నర్సు దాచింది. ట్రాము దగ్గరి ఓవర్‌కోటు ఆయన రేషను కార్డు పుట్టించే మనిషి. మనకు లాంబ్రోసు లాంటివాడే.

మా గదిలోకి తెచ్చేసుకున్నాం. అత్తయ్య ఆరు నెలల మాటలు ఒక్క పూటలో చెప్పేసింది, గుసగుసగా, ఆయాసపడుతూ. రికూలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడకు నవ్వితే సొట్టలు పడతాయి. అదీ ఇవాళే చూశాను.

"నాకు నీ మీద ఒక్కనాడు అనుమానం రాలేదు చెల్లీ" అంది. "మీ అత్తయ్య బీవాస్ అన్న రోజున అనుకున్నాను, గోడ అవతల మనవాళ్ళున్నారని. ఆ రోజు నుంచి నిద్రపట్టింది నాకు. నువ్వు భయపడుతున్నావని తెలుసు. నెమ్మదిగా తనే చెబుతుందిలే అనుకున్నాను."

ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

ఎవంథియాని అడిగితే, "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పనని ఇద్దరికీ ఒట్టేశాను. ఒట్టంటే ఒట్టే. మీకు మీరు తెలుసుకున్నారు, నా తప్పేం లేదు" అంది.

నిన్న వెనక నడిచినవాళ్ళు కొండల్లోవాళ్ళని, పట్టించేదని ఎవరో తన మీద చెబితే వచ్చారని, లాంబ్రోసు ఆపాడని చెప్పాను. అప్పుడు రికూలా అడిగింది. "నా మీద వాళ్ళకు చెప్పిందెవరు?"

పిల్లకు జడ వేస్తున్నాను. తలెత్తలేదు. "ఎవంథియా అనుకుంటా" అన్నాను. అనుకుంటా అని మాత్రమే అన్నాను.

ఏప్రిల్ 16, ఈస్టరు

రికూలా ఎవంథియా చేతి గుడ్డు తీసుకోలేదు. "పండగ కదమ్మాయ్, ఒక్కటి" అని ఎవంథియా ఎర్రగుడ్డు పట్టుకుని నిలబడింది. రికూలా మొహం తిప్పుకుని లేచి వెళ్ళిపోయింది.

"నేనేం చేశానే?" అని నన్నడిగింది ఎవంథియా. కళ్ళనిండా నీళ్ళు. మేం దొరికితే ఆవిడనీ గోడకు నిలబెట్టి కాలుస్తారు. తెలిసే ఉంచుకుంది.

"ఒంట్లో బాలేదేమో" అన్నాను.

ఏప్రిల్ 17, సోమవారం

రికూలా కోటు వేసుకుంది. ఎక్కడికంటే లాంబ్రోసు దగ్గరికట.

"ఈ ఇంట్లో నేనెవరో తెలిసింది ఎవంథియా ఒక్కదానికే. ఇవాళ నన్ను కొండల్లోవాళ్ళకు పట్టించింది, రేపు మనందరినీ జర్మన్లకు పట్టిస్తుంది. భయపడింది, వదిలించుకోవాలనుకుంది. ఆవిడ సంగతి వాళ్ళు చూస్తారు. పిల్ల ఉంది చెల్లీ. పిల్ల కోసం ఏదైనా చెయ్యాలి."

నా మాటలే. ఒక్క అక్షరం తేడా లేదు.

తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "ఆవిడ కాదు. నేను. నేనే చెప్పాను."

నవ్వింది. నా చెంప నిమిరింది. "నీ మంచితనం పాడుగానూ! నా కోసం పిల్లను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చినదానివి, నువ్వు చెప్పావా? ముసలావిడ మీద జాలిపడుతున్నావు. తప్పుకో."

"నేనే రికూలా."

"తప్పుకో."

నమ్మదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెబితే అందరూ నమ్మారు. నిజం చెబితే ఈవిడ నమ్మదు. ఒక్క పావుగంట ఆగమన్నాను. ఒక్క కాగితం రాసుకోవాలి, అది చదివి వెళ్ళమన్నాను. కోటు విప్పకుండా మంచం చివర కూర్చుని, పిల్లతో ఆడుతూ నేను రాస్తుంటే చూస్తోంది. మన యూదుల రాతే, ఆవిడకు చదవడం వచ్చు.

రికూలా, ఇది నీకు రాస్తున్నాను. ఫిబ్రవరి పద్నాలుగు దగ్గర మొదలుపెట్టు. గుడ్డు తెచ్చిన రోజు ఉంది. ఉల్లిపాయల రోజు ఉంది. ఏప్రిల్ పది ఉంది, అది రెండుసార్లు చదువు. ఒక్క పేజీ చింపలేదు. అంతా చదివాక కూడా లాంబ్రోసు దగ్గరికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, నేను తలుపు దగ్గర నిలబడను. కాకపోతే అక్కడ పేరు సరిగ్గా చెప్పు. ఎవంథియా కాదు. స్టావ్రూలా కూడా కాదు. పలోంబా.